కామేశ్వరి గారి లేసు, తాతాజీ గారి సైకిల్

కామేశ్వరి గారికి బోడిగా ఉన్న వస్తువు కంటబడితే ప్రాణం ఊరుకోదు. దానికి లేసు తొడగాల్సిందే. ఏ వస్తువన్న పట్టింపు లేదు. ఓ పూట కదలకుండా నిలబడితే చాలు.

నరసాపురం పక్కన పుట్టిన మనిషి. ఆ వైపు ఆడపిల్లలకి నడకా అల్లికా ఒకేసారి వస్తాయి. ఏడో ఏట కొక్కెం సూది పట్టుకున్నావిడ అరవై ఎనిమిదో ఏటికి కూడా కింద పెట్టలేదు. తలంబ్రాలు పోసేటప్పుడు కూడా ఆ సూది ఆవిడ దోసిట్లోనే ఉందనీ, అది తన నెత్తిన గుచ్చుకుందనీ భర్త తాతాజీ గారు ఇప్పటికీ బట్టతల వంచి చూపిస్తారు. అక్కడ మచ్చేమీ ఉండదు. అయినా చూసినవాళ్లు "అయ్యో పాపం" అనాలి.

అలాగని ఆవిడది అల్లాటప్పా అల్లిక కాదు. తెల్లటి సన్నదారం, సాలీడు చూస్తే సిగ్గుపడేంత పల్చన. పెళ్లికి ముందు ఆవిడ అల్లిన బల్లగుడ్డలు ఓడలెక్కి ఎక్కడెక్కడి దేశాలకో వెళ్లాయి. ఇప్పటికీ పుట్టింటి వైపు ఎవరికైనా పువ్వు కుదరక చిక్కుపడితే, "కామేశ్వరక్కకి ఫోన్ చెయ్యండే" అంటారు. ఆవిడ ఇక్కడ వంకాయ తరుగుతూనే అక్కడి చిక్కు విప్పేస్తారు.

గుండుగొలనుకి మూడు కిలోమీటర్ల దూరంలో, కొల్లేటి వైపున్న ఆ ఇంట్లో అడుగు పెడితే పెళ్లివారింటికి వచ్చినట్టుంటుంది. టీవీకి ముసుగు, మిక్సీకి గౌను, మంచినీళ్ల క్యానుకి జాకెట్టు. సిలిండరు మార్చడానికి వచ్చినతను గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, ముందు దాని పావడా విప్పి ఇవ్వండి" అంటాడు. ఓసారి గేదె కొమ్ములకి టోపీలు పెట్టారు. ఆ గేదె రెండు పూటలు పాలివ్వలేదు. కొట్టంలోంచి బయటికి రావడానికే సిగ్గుపడింది.

ఇవన్నీ తాతాజీ గారు సహించారు. ఎందుకంటే తన సైకిల్ జోలికి ఆవిడ నలభై ఏళ్లపాటు రాలేదు.

తాతాజీ గారంటే ఆషామాషీ మనిషి కాదు. ఆ మాట వేరేవాళ్లు చెప్పనక్కర్లేదు, ఆయనే చెబుతారు. వీధిబడి చదువే అయినా ఇరవయ్యో ఎక్కం పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చెప్పిన మొనగాడు. తాడేపల్లిగూడెం రైస్‌మిల్లులో ముప్పై ఒక్కేళ్లు కాటా గుమాస్తా. ఆయన తూచిన బస్తాని దేశంలో ఏ కాటా మీద పెట్టినా అదే తూకం. వరదలొచ్చి రోడ్లు మునిగిన ఏడు సైకిల్‌ని నెత్తిన పెట్టుకుని పీకల్లోతు నీళ్లలో మిల్లుకి హాజరయ్యారు. తీరా వెళితే మిల్లుకి సెలవు. "సెలవన్నది వాళ్ల సంగతండీ, హాజరన్నది నా సంగతి" అంటారు. వార్డు మెంబరుగా ఏకగ్రీవం. ఇవన్నీ వరసలో చెప్పి చివర్న ఒక మాట అంటారు: "డెబ్బై రెండేళ్లు వచ్చాయి. ఇంతవరకూ పరాయి వస్తువు మీద చెయ్యి వెయ్యలేదు."

అది నిజం కూడాను.

ఈమధ్య ఆయనకి ఒక్కదాని మీదే ఫిర్యాదు. కొల్లేటి మంచు మీద. "ఈ ఏడు మంచు ఇంకా విడవలేదు" అంటారు. అన్నది మాఘమాసంలోనైతే సరే. రోహిణి కార్తెలో, కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్న మధ్యాహ్నం పూట అంటారు. పేపరు చదవలేకపోతే అచ్చు పాడైందంటారు. ఎదురొచ్చినవాళ్లని గుర్తుపట్టలేకపోతే వాళ్లు మారిపోయారంటారు.

"ఏవండీ, ఓసారి కళ్లు చూపించుకుందామండీ" అని కామేశ్వరి గారు బతిమాలితే, ఊళ్లో పెట్టిన కళ్ల క్యాంపుకి వెళ్లారు. వరసలో తన ముందున్న తొమ్మిదిమంది చార్టు చదువుతుంటే విన్నారు. తన వంతు వచ్చేసరికి పై అక్షరం నుంచి అడుగు వరసదాకా ఆగకుండా అప్పజెప్పేశారు. ఎక్కాలు తలకిందులుగా చెప్పిన మనిషికి అదెంత? చార్టు పట్టుకున్న అమ్మాయి నోరెళ్లబెట్టి, "తాతగారూ, మీకు నాకంటే బాగా కనపడుతోందండీ" అంది. ఆ మాటని ఆయన తన ఘనతల జాబితాలో చేర్చుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, అంటే ఇప్పటికి రెండేళ్ల కిందట, ఓ ఉదయం ఆయన గుమ్మంలోకి వచ్చి చూస్తే గోడవార సైకిల్ బదులు ఏదో జంతువు నిలబడి ఉంది.

"కామేశ్వరీ! మన గోడకి గంగిరెద్దుని ఎవరు కట్టారే?"

"గంగిరెద్దు కాదండీ, మీ సైకిలేనండీ. బోడిగా ఉందని చిన్న లేసు తొడిగాను."

చిన్న లేసు! సీటుకి కుచ్చుల టోపీ. హ్యాండిల్ పిడులకి బుడిపెల బుడిపెల తొడుగులు, పట్టుకుంటే కాకరకాయలు పట్టుకున్నట్టు. బారుకి చొక్కా, చైనుకవరుకి పావడా, క్యారేజీకి జంపఖానా, బెల్లుకి బొంతలాంటి కుళ్లాయి. అదీ సన్నదారం కాదు. గుండుగొలను సెంటర్లో సైకిల్ షాపు పెట్టుకున్న హబీబ్ వాళ్ల బంధువులు ఏలూరులో తివాచీలు నేస్తారు. అక్కడ మిగిలిన ఉన్ని దారం ముక్కలన్నీ తెప్పించి, వేలెడు లావున అల్లిపారేశారు. రంగుల సంగతి ఊళ్లో వాళ్లు రకరకాలుగా చెప్పుకున్నారు. తాతాజీ గారికి మాత్రం అదంతా ఓ పెద్ద పచ్చటి మంటలా కనపడింది.

"నా పరువేం కాను? తీసెయ్యి."

"ఉండనివ్వండీ. బాగుంది."

"ఏం బాగుంది?"

"బాగోకపోయినా ఉండనివ్వండీ."

నలభై ఏళ్ల కాపరంలో కామేశ్వరి గారు ఎదురు చెప్పింది లేదు. ఇదొక్కటీ ఎంత చెప్పినా వినలేదు. ఆయన ఓ కుచ్చు పీకితే మర్నాటికి రెండు కుచ్చులు మొలిచేవి.

ఇక చూడండి ఆయన అవస్థ. పెళ్లికని పక్కూరు వెళ్లి పందిట్లో స్టాండు వేస్తే, పెళ్లికొడుక్కి అత్తవారిచ్చిన సైకిలనుకుని దాని హ్యాండిల్‌కి బొట్టు పెట్టి అక్షింతలు వేశారు. చెరువుగట్టు మీద కాసేపు ఆపితే కొంగ ఒకటి వచ్చి మడ్‌గార్డు కుచ్చు పీకి గూటికి పట్టుకుపోయింది. ఏడాది తిరిగేసరికి ఆ వైపు గూళ్లన్నీ రంగురంగులయ్యాయని చెప్పుకున్నారు. వర్షంలో తడిస్తే ఉన్ని నీళ్లు పీల్చి సైకిల్ కదలదు. తాతాజీ గారికి కాటా బుద్ధి ఎక్కడికి పోతుంది? మార్కెట్ యార్డులో ఎక్కించి తూయించారు. పొడి తూకం ఇరవై రెండు కిలోలు, తడి తూకం ముప్పై ఒకటి.

"తేమ తొమ్మిది కిలోలే! వడ్లకైతే ఎవడూ కొనడు" అని ఇంటికొచ్చి మొత్తుకున్నారు.

"అయితే ఎండబెడతా ఉండండీ" అన్నారు కామేశ్వరి గారు. సైకిల్‌ని వడియాల పక్కన ఎండబెట్టారు.

అందరికంటే ఎక్కువ కామేశ్వరి గారి పుట్టింటివారు బాధపడ్డారు. చూడవచ్చిన ఆవిడ చెల్లెలు దుర్గాభవాని ఆ సైకిల్ చుట్టూ తిరిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అక్కా, ఇది నీ చేత్తో అల్లిందేనా? నీకేమైందక్కా? మనూళ్లో చెబితే నమ్మరు."

"చెప్పకు మరి" అన్నారు కామేశ్వరి గారు.

దుర్గాభవాని చెప్పింది. ఆ తర్వాత పుట్టింటి వైపు నుంచి ఫోన్లు తగ్గాయి.

ఇలా రెండేళ్లు గడిచాక, మొన్న మే నెలలో తాడేపల్లిగూడెం మిల్లువారి దగ్గర్నుంచి కబురొచ్చింది. మిల్లు పెట్టి యాభై ఏళ్లట. పాతవాళ్లలో నిజాయితీగా పనిచేసిన ఒకరికి శాలువా కప్పుతారట. ఆ ఒకరూ తాతాజీ గారే. ఆ రాత్రి ఆయన నిద్రలో కూడా బస్తాలు తూచారు.

తెల్లారింది. కామేశ్వరి గారు పాలు పిండడానికి కొట్టంలోకి వెళ్లారు. తాతాజీ గారు కత్తెర పట్టుకుని సైకిల్ దగ్గరకి వెళ్లారు. శాలువా కప్పించుకోబోయే మనిషి పావడా కట్టిన సైకిల్ మీద సెంటర్లో దిగుతాడా? చరచరా కత్తిరించారు. అంతా సంచిలో కుక్కి, ఆ సంచిని గడ్డివాములో దోపి, బోడి సైకిలెక్కి బయటపడ్డారు. రెండేళ్ల తర్వాత గాలి తగిలి సైకిల్ కూడా తేలిగ్గా సాగినట్టనిపించింది.

హబీబ్ షాపు గోడకి సైకిల్ ఆనించి బస్సెక్కడం ఆయన అలవాటు. ఆ గోడవార చేపల చెరువుల్లో పనికెళ్లేవాళ్లు కూడా సైకిళ్లు పెట్టి వ్యానెక్కుతారు. పది పన్నెండు నల్ల సైకిళ్లు. తాళాలుండవు. హబీబ్ చూపే తాళం.

గూడెంలో వేడుక బ్రహ్మాండంగా జరిగింది. శాలువా కప్పారు, దండ వేశారు, మైకిచ్చారు. ఎక్కాల దగ్గర్నుంచి మొదలుపెట్టి కళ్ల క్యాంపు దాకా చెప్పి, "ఇంతవరకూ పరాయి వస్తువు మీద చెయ్యి వెయ్యలేదు" అని ముగిస్తే చప్పట్లు మోగాయి. మధ్యాహ్నం మూడింటికి గుండుగొలనులో బస్సు దిగి, శాలువా దండలతోనే గోడ దగ్గరకి వెళ్లి, సైకిల్ తీసుకుని ఎక్కి, ఊరివైపు తిప్పారు.

ఇరవై గజాలు వెళ్లారో లేదో వెనకనుంచి కేక.

"ఓయ్! ఆగండి! నా సైకిలండీ బాబూ! దొంగ, దొంగ!"

చెరువు పని చేసే దుర్గేష్. ఆ రోజు చేపల పట్టుబడి తొందరగా అయిపోయి వ్యాను ముందే దింపేసింది. ఒక్క పరుగున వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. టీ కొట్టు దగ్గరున్నవాళ్లంతా మూగారు.

"ఎవర్ని దొంగంటున్నావయ్యా? ముప్పై ఒక్కేళ్లు కాటా దగ్గర నిలబడ్డాను. ఇప్పుడే శాలువా కప్పించుకుని వస్తున్నాను!"

"శాలువా మీదేనండీ. సైకిల్ మాత్రం నాది."

"నా సైకిల్ నాకు తెలీదా?"

"మీదే అయితే దానికి నిమ్మకాయ ఎందుకుందో చెప్పండి చూద్దాం."

తాతాజీ గారు హ్యాండిల్ తడిమారు. చేతికి నిమ్మకాయ తగిలింది. పక్కన ఓ ఎండుమిరపకాయ కూడా తగిలింది.

"రెండేళ్ల కిందట దీనికి దెయ్యం పట్టిందండీ" అన్నాడు దుర్గేష్, చుట్టూ ఉన్నవాళ్లకి కూడా వినపడేలా. "పగలు నేను చెరువు మీదుంటే ఇది ఎక్కడికో వెళ్లొచ్చేది. సాయంత్రం చూస్తే టైర్లకి కొత్త మట్టి. మూడుసార్లండీ! అప్పట్నుంచీ నెలకో నిమ్మకాయ మారుస్తున్నాను. ఇన్నాళ్లకి దొరికింది దెయ్యం."

జనం నవ్వారు. అప్పటికి హబీబ్ చేతుల గ్రీజు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"దుర్గేష్, చెయ్యి తియ్యి. ఆయన దొంగ కాదు."

"మరి మూడుసార్లు నా సైకిల్ ఎవరు తీసుకెళ్లారు?"

హబీబ్ నోరు తెరిచి మూసేశాడు. తాతాజీ గారు అతని వైపు తిరిగారు. "హబీబూ, ఏదో దాస్తున్నావు. చెప్పు."

"వద్దులెండి, అయ్యగారూ."

"చెప్పవయ్యా! నడిరోడ్డు మీద నిలబెట్టి దొంగంటున్నారు నన్ను."

హబీబ్ తలొంచుకుని చెప్పాడు. "మూడుసార్లూ మీరేనండీ తీసుకెళ్లింది. మీ సైకిల్ పక్కనే ఇదుండేది. మొదటిసారి నేను చూసేసరికి మీరు వెళ్లిపోయారు. తర్వాత చూశానుగానీ, ఇంతమందిలో పెద్దాయన్ని పట్టుకుని 'ఇది మీది కాదండీ' అని ఎలా అనమంటారు? నోరు రాలేదండీ. అమ్మగారికి ఫోన్ చేశాను. మీరు భోంచేసి పడుకున్నాక ఆవిడ దీన్ని తెచ్చి ఇక్కడ పెట్టి, మీది పట్టుకెళ్లేవారు."

"ఆవిడకి తొక్కడం రాదుగా!"

"నడిపించుకుంటూనేనండీ. రానూ పోనూ ఆరు కిలోమీటర్లు, మిట్టమధ్యాహ్నం ఎండలో. మీరు లేచేసరికి గోడకి మీ సైకిలే ఉండాలని."

"నాతో దారం కోసం వెళ్లానని చెప్పింది!"

"దారం కూడా తీసుకెళ్లేవారండీ. అబద్ధం కాకూడదని."

హబీబే మళ్లీ అన్నాడు. "అయ్యగారికి నేను చెబుతానమ్మా అన్నానండీ. 'వద్దు బాబూ, పరాయి సైకిల్ తెచ్చానని తెలిస్తే ఆయన అన్నం మానేస్తారు. ఆయన మారేలా లేరు. సైకిల్‌నే మార్చేద్దాం. ఎంత దూరాన్నుంచైనా కనపడే రంగులు ఇప్పించు' అన్నారండీ. ఆ లేసు ఎక్కిన దగ్గర్నుంచీ నాక్కూడా కాపలా తప్పిపోయింది. ఇవాళ అది తీసేస్తారని నాకేం తెలుసండీ?"

దుర్గేష్ ఇంకా హ్యాండిల్ వదల్లేదు. "అంటే ఏంటండీ? తెలిసి తీసుకెళ్లారా, తెలీక తీసుకెళ్లారా? అది చెప్పండి చాలు."

పాపం తాతాజీ గారికి రెండే దారులు మిగిలాయి. దొంగనని ఒప్పుకోవాలి, లేదంటే కనపడదని ఒప్పుకోవాలి. డెబ్బై రెండేళ్లలో ఆయన ఏ తప్పూ ఒప్పుకున్న పాపాన పోలేదు. అలవాటుగా నోట్లోకి "మంచు" అన్న మాట వచ్చింది. తలెత్తి చూశారు. మే నెల ఎండ నెత్తి మాడ్చేస్తోంది. మాట మింగేశారు.

"నాకు కనపడదు బాబూ" అన్నారు. "మూడేళ్లయింది. క్యాంపులో చార్టు కూడా బట్టీపట్టి చెప్పాను. నీ సైకిల్ నా సైకిలనుకున్నాను. తప్పు నాది, ఏమనుకోకు."

దుర్గేష్ హ్యాండిల్ వదిలేశాడు. ఇంతసేపూ పెద్దాయన మీద అరిచినందుకు ఇప్పుడు అతనికి సిగ్గేసింది. "అయ్యో, ముందే చెబితే నెలకో నిమ్మకాయ మిగిలేది కదండీ!" అన్నాడు. జనం మళ్లీ నవ్వారు. ఈసారి తాతాజీ గారు కూడా నవ్వారు. దుర్గేషే వెళ్లి ఆయన సైకిల్ తెచ్చి చేతికిచ్చాడు.

ఆయన ఎక్కలేదు. ఆ ఎండలో ఆ మూడు కిలోమీటర్లూ నడిపించుకుంటూ వెళ్లారు. ఎంత దూరమో తెలియాలనుకున్నారు. తెలిసింది. ఎడమ పెడలు మాటిమాటికీ పిక్కకి కొట్టుకుంటుందని కూడా తెలిసింది.

కామేశ్వరి గారు గుమ్మంలోనే ఉన్నారు. లేసు లేదన్న సంగతి పొద్దున్నే చూశారు. హబీబ్ ఫోన్ కూడా అప్పటికే వచ్చేసింది. ఏమీ ఎరగనట్టు, "భోంచేశారా?" అన్నారు.

"నీ పిక్కలు నొప్పెట్టలేదటే?"

"ఎప్పుడండీ?"

"రెండేళ్ల కిందట."

"ఆ నొప్పి అప్పుడే తగ్గిపోయిందండీ" అన్నారావిడ.

ఇలాంటప్పుడు ఏమనాలో తాతాజీ గారు చదివిన బడిలో నేర్పలేదు. మెడలో శాలువా తీసి ఆవిడ భుజాల చుట్టూ కప్పారు. మే నెల కదా, ఆవిడకి ధారగా చెమట్లు పట్టాయి. అయినా దీపాలు పెట్టేదాకా తియ్యలేదు.

"ఎల్లుండి ఏలూరు వెళదాం. కళ్లాసుపత్రికి" అన్నారాయన. "చార్టు మార్చమని ముందే చెబుతాను."

శుక్లం ఆపరేషను పావుగంటలో అయిపోయింది. మొదట ఓ కన్నూ, నెల్లాళ్లకి రెండో కన్నూ. రెండో కంటి మీది పచ్చగుడ్డ కూడా విప్పిన మర్నాడు పొద్దున్నే తాతాజీ గారు అరుగు మీదికొచ్చారు. ఆయన రెండో కంటి కట్టుతో లోపల పడుకుని ఉండగా కామేశ్వరి గారు గడ్డివాములోంచి సంచి తీసి, కత్తిరింపులు అతికి, లేసంతా మళ్లీ తొడిగేశారు. ఆయన సైకిల్ వైపు చూశారు. రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇదేం రంగే?"

"చిలకపచ్చండీ."

"దాని పక్కన?"

"గులాబీ."

"మరి ఈ మధ్యలోది?"

"దానికి పేరు లేదండీ. హబీబ్ వాళ్లకి కూడా తెలీదట."

తాతాజీ గారు సైకిల్ చుట్టూ మూడుసార్లు తిరిగారు. తర్వాత లోపలికి వెళ్లి టీవీ మీది తెల్ల ముసుగు తీసుకొచ్చి వెలుతురులో పట్టుకున్నారు. పువ్వులు, పువ్వుల్లో తీగలు, తీగల్లో నెమళ్లు. ఏళ్ల తరబడి ఇంట్లో ఉన్నదాన్ని ఇప్పుడే చూసినట్టు చూశారు. మళ్లీ సైకిల్ చూశారు.

"ఇది అల్లిన చెయ్యే అదీ అల్లిందా? కావాలనే ఇంత దరిద్రంగా అల్లావా?"

"మరేమండీ" అన్నారు కామేశ్వరి గారు తల దించుకుని. "అందంగా అల్లితే మీకు కనపడదుగా."

ఆయన పేరు చెడకూడదని ఆవిడ తన పేరు పాడుచేసుకున్నారు. దుర్గాభవాని వేలెత్తి చూపినా, పుట్టింటి ఫోన్లు తగ్గినా ఒక్క ముక్క బయటపెట్టలేదు.

"ఇప్పుడు కనపడుతోందిగా, విప్పేస్తానండీ" అంటూ ఆవిడ కత్తెర తీశారు. "నాక్కూడా దీన్ని చూస్తుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి."

"ముట్టుకున్నావంటే ఊరుకోను!"

"అదేంటండీ? రెండేళ్లు తియ్యి తియ్యి అని చంపారు!"

"అప్పుడు కనపడక అన్నాను."

"నా పరువు పోతుందండీ! పోనీ తెల్లదారంతో మంచిది అల్లి పెడతాను. సైకిల్‌కి కాదు, రథానికి తొడిగినట్టుంటుంది."

"అది ఇంట్లో పెట్టుకుందాం. ఇది మాత్రం రోడ్డు మీద తిరగాల్సిందే."

అని ఆ కాకరకాయ పిడులు పట్టుకుని, కుచ్చుల టోపీ మీద కూర్చుని, తాతాజీ గారు పెడలు తొక్కారు. కామేశ్వరి గారు కత్తెరతోనే వీధి మొగదాకా పరుగెత్తారు.

"ఏవండీ! ఎవరైనా అడిగితే నేను అల్లానని మాత్రం చెప్పకండీ!"

మలుపులో పాలక్యాన్లతో ఎదురైన ప్రసాదరావు అప్పటికింకా ఏమీ అడగలేదు. తాతాజీ గారే బ్రేకు వేసి, కాలు కింద పెట్టి, చెప్పడం మొదలుపెట్టారు.